వెర్డర్ అంటే లంక: బ్రేమెన్‌లో ఫుట్‌బాల్ వారాంతం ఎలా ప్లాన్ చేసుకోవాలి

బ్రేమెన్ ఫుట్‌బాల్ క్లబ్బు పేరు వెర్డర్. ఉత్తర జర్మనీలో నది మధ్యనో నది పక్కనో కాస్త ఎత్తుగా లేచిన నేలని వెర్డర్ అంటారు. కోనసీమలో పెరిగినవాణ్ణి కాబట్టి దానికి తెలుగు మాట వెతుక్కోవాల్సిన పని నాకు పడలేదు. లంక. 1899 ఫిబ్రవరిలో కొందరు పదహారేళ్ళ కుర్రాళ్ళు తాడు లాగే పోటీలో గెలుచుకున్న బంతితో వేజర్ నది లంకలో ఆట మొదలుపెట్టారని చెబుతారు. ఆ నేల పేరే క్లబ్బుకి వచ్చింది. ఇప్పటి స్టేడియం కూడా నీళ్ళకి దూరం జరగలేదు. నది వెంట ఉన్న రోడ్డు పేరు ఓస్టర్‌డైష్, అంటే తూర్పు కరకట్ట. ఊరంతా కరకట్టకి ఇవతల ఉంటే, స్టేడియం మాత్రం అవతల, నది వైపు కూర్చుంది.

నేను ఉండేది హాంబుర్గ్‌లో. హాంబుర్గ్‌కీ బ్రేమెన్‌కీ ఫుట్‌బాల్లో ఎప్పుడూ పడదు. అయినా నా మనసు బ్రేమెన్ వైపే పోయింది, ఆఫీసులో రోజూ మాట పడుతూనే ఉంటాను. జర్మనీలో చదువుకుంటున్నవాళ్ళూ, ఉద్యోగానికి వచ్చినవాళ్ళూ, హైదరాబాద్ నుంచి టూర్‌కి వచ్చే చుట్టాలూ "ఒక్క బుందెస్‌లీగా (జర్మనీ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగు) మ్యాచ్ చూపించరా" అని అడిగితే నేను తీసుకెళ్ళేది ఇక్కడికే. మ్యూనిక్‌లోనో డోర్ట్‌ముండ్‌లోనో టికెట్ కోసం పడే తంటా ఇక్కడ కొంత తక్కువ. పైగా ఊరి నడిబొడ్డు నుంచి నది ఒడ్డునే నడుచుకుంటూ స్టేడియంలోకి వెళ్ళిపోవచ్చు. ఆ నడక కోసమే వెళ్ళమంటాను.

ముందు తేదీ, తర్వాతే డబ్బు

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. బుందెస్‌లీగాలో 18 జట్లు, సీజన్‌కి 34 రౌండ్లు, ఆగస్టు నుంచి మే దాకా. వేసవిలో వచ్చే షెడ్యూలు చూసి "ఫలానా వారం వెర్డర్‌కీ మైన్జ్ జట్టుకీ బ్రేమెన్‌లో ఆట" అని సంబరపడతాం. కానీ అందులో ఉండేది వారం మాత్రమే. ఆ మ్యాచ్ శుక్రవారం రాత్రి 8:30కా, శనివారం మధ్యాహ్నం 3:30కా, సాయంత్రం 6:30కా, లేక ఆదివారమా అన్నది కొన్ని వారాల ముందు, విడతలు విడతలుగా ప్రకటిస్తారు. అప్పటిదాకా ఎవరు ఏం చెప్పినా అది ఊహే.

నా మొదటి ట్రిప్పు కథ ఇది. మ్యాచ్‌లు ఎక్కువగా శనివారం మధ్యాహ్నమే కదా అని శనివారం రాత్రికి హోటల్ తీసుకున్నాను. పది యూరోలు మిగులుతాయని క్యాన్సిల్ చేసే వీలులేని రేటు ఎంచుకున్నాను. మ్యాచ్ శుక్రవారానికి పడింది. హోటల్‌వాళ్ళకి మెయిల్ పెడితే చాలా మర్యాదగా కుదరదన్నారు. శుక్రవారం మ్యాచ్ చూసి రాత్రి రైల్లో ఇంటికొచ్చి, డబ్బు కట్టిన గది ఉంది కదా అని శనివారం మళ్ళీ వెళ్ళి పడుకుని వచ్చాను.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. షెడ్యూలు రాగానే నచ్చిన రెండు మూడు వారాలు గుర్తుపెట్టుకోండి. గది శుక్రవారం నుంచి ఆదివారం దాకా తీసుకోండి, ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి. టైము ఖరారయ్యాక అక్కర్లేని రాత్రి వదిలేయండి. రైలు టికెట్ ఆ తర్వాతే. ముందే తేదీ కచ్చితంగా తెలియాలంటే సీజన్లో ఆఖరి రౌండు చూడండి, ఆ రోజు తొమ్మిది మ్యాచ్‌లూ శనివారం 3:30కి ఒకేసారి మొదలవుతాయి. ఎవరు కింది లీగుకి జారతారు, ఎవరు యూరప్ పోటీలకి వెళ్తారు అన్న టెన్షన్ కూడా బోనస్. కాకపోతే ఆ మ్యాచ్‌కి టికెట్ దొరకడం కష్టం.

అక్టోబరు రెండో సగం మాత్రం జాగ్రత్త. అప్పుడు రైల్వే స్టేషన్ వెనకాల మైదానంలో ఫ్రైమార్క్ట్ అనే తిరనాళ్ళు జరుగుతుంది. 1035 నుంచీ దీని చరిత్ర చెప్పుకుంటారు. జెయింట్ వీలు, వేయించిన బాదం పప్పు, మైకుల హోరు అన్నీ ఉంటాయి. మ్యాచ్, తిరనాళ్ళు రెండూ కలిసొస్తే సరదాకి లోటుండదు, కానీ గదుల రేట్లు చూస్తే గుండె జారుతుంది.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి ఒక మెలిక

జర్మనీకి రావాలంటే కావాల్సిన షెంగెన్ వీసా ఫీజు పెద్దలకి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. ఇవన్నీ తెలిసిన సంగతులే. మెలిక ఏమిటంటే, వీసాకి తేదీలు, హోటళ్ళు చూపించే సమయానికి మ్యాచ్ ఏ రోజో తేలదు. అందుకని మ్యాచ్ ఒక్కదాని కోసం మూడు రోజుల ట్రిప్పు వేయకండి. ఎనిమిది, పది రోజుల యాత్రలో ఒక శుక్ర, శని, ఆదివారాలు మొత్తం బ్రేమెన్‌కి రాసిచ్చేయండి. మ్యాచ్ ఆ మూడింట్లో ఎక్కడ పడినా మీరు ఊళ్ళోనే ఉంటారు. లండన్‌లో ఉంటున్నా పాస్‌పోర్టు ఇండియాదైతే వీసా తప్పదు, అక్కడి నివాస కార్డు ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

టికెట్

స్టేడియంలో 42 వేల పైచిలుకు మంది పడతారు. సీజన్ టికెట్లు, మెంబర్ల వాటా పోగా మిగిలినవి క్లబ్బు సొంత వెబ్‌సైట్‌లో అమ్మకానికి వస్తాయి. అక్కడే కొనండి. రాలేకపోయినవాళ్ళు తమ టికెట్లు తిరిగి అమ్ముకునే అధికారిక రీసేల్ కూడా అక్కడే ఉంటుంది. మ్యాచ్ దగ్గరపడేకొద్దీ ఒకటీ అరా రాలుతూ ఉంటాయి, రోజుకి నాలుగుసార్లు చూస్తే దొరుకుతుంది. గూగుల్లో పైన కనిపించే వేరే సైట్లలో రెండింతలు, మూడింతలు పెట్టి కొన్న టికెట్‌ని గేటు దగ్గర ఆపేస్తే మీకు దిక్కుండదు.

ఏ మ్యాచ్? బయర్న్ మ్యూనిక్, డోర్ట్‌ముండ్, హాంబుర్గ్ వస్తే మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆశ వదులుకోవడం మంచిది. మైన్జ్, ఆగ్స్‌బుర్గ్, హోఫెన్‌హైమ్ లాంటి జట్లు వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురికి పక్కపక్క సీట్లు దొరికే అవకాశం ఉంటుంది. ఆట తక్కువేమీ ఉండదు. అరిచేవాళ్ళు ఎవరు వచ్చినా అంతే గట్టిగా అరుస్తారు.

నిలబడే చోటు, కూర్చునే చోటు రెండూ ఉంటాయి. నిలబడేవాళ్ళది తూర్పు చివరి స్టాండు, దాన్ని తూర్పు వంపు, ఓస్ట్‌కుర్వె అంటారు. ధర బాగా తక్కువ, కానీ తొంభై నిమిషాలూ నిలబడి, పాడి, గెంతి, ముందున్న జెండా పక్కనుంచి తొంగి చూడాలి. ఇరవైల్లో ఉన్నవాళ్ళు అక్కడికే వెళ్ళండి. అమ్మానాన్నల్ని తీసుకొస్తే పొడవు వైపు స్టాండ్లలో కూర్చోబెట్టండి. మా నాన్నగారు అక్కడ కూర్చుని ఆట కన్నా ఆ తూర్పు వంపునే ఎక్కువసేపు చూశారు.

చేరడం

హాంబుర్గ్ నుంచి బ్రేమెన్‌కి రీజనల్ రైల్లో గంటా పావు పైనే, ఐసీఈ అనే వేగపు రైల్లో గంట లోపే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నాలుగు గంటలు అనుకోండి, తరచుగా హనోవర్‌లో మారాలి. బ్రేమెన్ విమానాశ్రయం ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క, 6వ నంబరు ట్రామ్ ఎక్కితే పావుగంటలో ఊరి మధ్యకి దింపుతుంది.

డబ్బు మిగలాలంటే రెండు దారులు. నలుగురైదుగురు కలిసి హాంబుర్గ్ నుంచో హనోవర్ నుంచో వస్తుంటే నీడర్‌జాక్సెన్ టికెట్ తీసుకోండి. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా రోజంతా రీజనల్ రైళ్ళలో తిరగొచ్చు, బ్రేమెన్, హాంబుర్గ్ కూడా అందులోకి వస్తాయి. పనిదినాల్లో మాత్రం ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. వారం పది రోజులు తిరిగేవాళ్ళకి దేశమంతా రీజనల్ రైళ్ళలో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్, 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు. ఇది ఐసీఈకి చెల్లదు. ఇంకోటి, అది ప్రతి నెలా దానంతటదే కొనసాగే చందా. నెలలో 10వ తేదీ లోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. ఇంటికెళ్ళాక గుర్తొచ్చినవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

ఐసీఈలో ముందుగా కొనే చవక టికెట్ ఆ ఒక్క రైలుకే పనికొస్తుంది. తిరుగు ప్రయాణానికి అది కొనేటప్పుడు మ్యాచ్ అయ్యాక కనీసం రెండు గంటలు వదలండి. 3:30 మ్యాచ్ 5:20 దాటాక ముగుస్తుంది, 42 వేల మంది ఒకేసారి బయటకి వస్తారు, ట్రామ్‌లు కిక్కిరిసిపోతాయి. జర్మనీ రైళ్ళు టైముకి వస్తాయన్న పాత నమ్మకం ఇంకా ఉంటే అది కూడా ఇంట్లోనే పెట్టి రండి. మీ రైలు 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యమయ్యేట్టుంటే ఆ చవక టికెట్ మీదే వేరే రైలు ఎక్కొచ్చు.

కారు వద్దు. మ్యాచ్ రోజు స్టేడియం చుట్టుపక్కల వీధులు మూసేస్తారు.

మ్యాచ్ రోజు: కరకట్ట మీద నడక

ట్రామ్‌లో వెళ్ళాలంటే 3వ నంబరు ఎక్కి స్టేడియం పేరున్న వేజర్‌స్టాడియోన్ స్టాపులో దిగొచ్చు. మ్యాచ్ టికెట్ మీద ఆ రోజు అక్కడి ట్రామ్‌లు, బస్సులు ఉచితమే. టికెట్ మీద ఏ హద్దుల దాకానో రాసి ఉంటుంది, చూసుకోండి. కానీ కాళ్ళు బాగుంటే వెళ్ళేటప్పుడు నడవండి. మొత్తం రెండున్నర, మూడు కిలోమీటర్లు.

మార్క్ట్‌ప్లాట్జ్ అనే పాత కూడలిలో మొదలుపెట్టండి. 1404 నాటి, రోలాండ్ అనే వీరుడి రాతి విగ్రహం కత్తి పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆయన నిలబడి ఉన్నంతకాలం ఊరికి స్వేచ్ఛ పోదని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఆ విగ్రహానికీ, వెనకున్న టౌన్‌హాలుకీ కలిపి 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అదే ఏడు వెర్డర్ లీగూ, జర్మన్ కప్పూ రెండూ గెలిచింది. ఊళ్ళో ఏ ముసలాయన్ని అడిగినా రెండో సంగతే ముందు చెప్తాడు.

టౌన్‌హాలు పక్క సందులో గాడిద మీద కుక్క, కుక్క మీద పిల్లి, పిల్లి మీద కోడిపుంజు ఎక్కిన కంచు బొమ్మ ఉంది. గాడిద ముందు కాళ్ళు రెండూ రెండు చేతులతో పట్టుకుని ఏదన్నా కోరుకోవాలి. ఒక్క చేత్తో పట్టుకుంటే "ఒక గాడిద ఇంకో గాడిదకి షేక్‌హ్యాండ్ ఇస్తోంది" అని నవ్వుతారు. ఫొటో తీసేవాడు వెనకనుంచి తొందరపెడుతున్నా రెండో చెయ్యి మరిచిపోకండి. తమాషా ఏమిటంటే ఆ బొమ్మకి మూలమైన పాత జర్మన్ జానపద కథలో ఆ నాలుగు జంతువులూ బ్రేమెన్‌కి బయల్దేరతాయి గానీ ఊరు చేరవు. మధ్యలో ఒక ఇల్లు దొరికితే అక్కడే ఆగిపోతాయి.

అక్కణ్ణుంచి తూర్పుకి, కున్స్ట్‌హాలె మ్యూజియం దాటి నది వైపు దిగితే ఓస్టర్‌డైష్ మొదలవుతుంది. ఎడమ చేతి వైపు గట్టు మీద పాతకాలపు పెద్ద ఇళ్ళు, కుడి చేతి వైపు పచ్చిక వాలు, దాని కింద కాలిబాట, ఆ కింద వేజర్. మ్యాచ్‌కి రెండు గంటల ముందు నుంచి ఈ బాటంతా ఆకుపచ్చ, తెలుపు కండువాలే. తాతా మనవడూ, కుక్కని పట్టుకొచ్చినవాళ్ళూ, సైకిల్‌కి జెండా కట్టినవాళ్ళూ. చాలామంది చేతిలో బీరు సీసా ఉంటుంది, దాచుకోరు, పోలీసులూ పట్టించుకోరు. తాగేసిన సీసాని చెత్తబుట్టలో వేయకుండా పక్కన నేల మీద నిలబెడతారు. మొదట్లో నాకు అర్థం కాలేదు, ఇంత శుభ్రమైన దేశంలో ఇదేంటి అనుకున్నాను. సీసాకి 8 సెంట్ల డిపాజిట్ ఉంటుంది. ఆ డబ్బు కోసం సీసాలు ఏరుకునే పెద్దవాళ్ళు బుట్టలో చెయ్యి పెట్టి వెతుక్కోనక్కర్లేకుండా అలా బయట పెడతారు. మీరూ అలాగే పెట్టండి.

సగం దారిలో జీల్‌వాల్ అనే వీధి దగ్గర అవతలి ఒడ్డుకి చిన్న పడవ నడుస్తుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగి నీళ్ళు చూడండి. సముద్రం ఇక్కణ్ణుంచి అరవై కిలోమీటర్ల పైనే. అయినా పోటు, పాటు ఇక్కడిదాకా వస్తాయి. నీటిమట్టం రోజుకి రెండుసార్లు సుమారు 4 మీటర్లు లేచి పడుతుంది. స్టేడియం దాటాక నదికి అడ్డంగా ఆనకట్ట ఉంది, పోటు అక్కడితో ఆగుతుంది. పాటు మీద ఉన్నప్పుడు ఒడ్డున తడి ఇసుక బయటపడి ఉంటుంది, ఆట చూసి తిరిగొచ్చేసరికి ఆ ఇసుక మీద నీళ్ళుంటాయి.

ఇంకాస్త నడిస్తే చెట్ల పైనుంచి నాలుగు ఫ్లడ్‌లైట్ స్తంభాలు కనిపిస్తాయి. ఫీర్టెల్ అనే పేట ఎడమవైపే ఉంటుంది, తినడానికి అటు మళ్ళండి. "రోల్లో" అనే తినుబండారం బ్రేమెన్‌కి ప్రత్యేకం, పలచటి రొట్టెలో లోపలి సరుకు పెట్టి, చుట్టి కాల్చి ఇస్తారు. శనగలతో చేసే వడలాంటి ఫలాఫెల్‌తోనూ దొరుకుతుంది కాబట్టి శాకాహారులకి ఇబ్బంది లేదు. స్టేడియం లోపల సాసేజి, ఆలుగడ్డ వేపుడు తప్ప శాకాహారులు ఎక్కువ ఆశలు పెట్టుకోకపోవడం మేలు.

లోపల

గంట ముందే గేటు దాటండి. సాధారణంగా ఏ4 కాగితం కన్నా పెద్ద బ్యాగు రానివ్వరు, కాబట్టి సూట్‌కేసు, వీపు సంచీ హోటల్లోనో స్టేషన్ లాకర్లోనో పెట్టేయండి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా నది మీంచి గాలి కోసేస్తుంది. ఒక లావు కోటు కన్నా మూడు పలచటి బట్టలు నయం, మందపాటి మేజోళ్ళు మాత్రం తప్పనిసరి, చలి కాళ్ళ కిందనుంచి ఎక్కుతుంది. అరచేతిలో పట్టే రెయిన్‌కోటు తెచ్చుకోండి, గొడుగు వద్దు.

రంగుల సంగతి: ఎదుటి జట్టు కండువా వేసుకుని తూర్పు వంపులోకి వెళ్ళకండి. నీలం, తెలుపు, నలుపు కలిసిన కండువా అసలే వద్దు, అది హాంబుర్గ్ రంగు.

ఆట మొదలయ్యే ముందు మైకులో ఆటగాడి మొదటి పేరు మాత్రమే చెప్తారు, ఇంటిపేరు జనం అరుస్తారు. తెరమీద పేర్లు పడతాయి, చదివి అరవండి, ఉచ్చారణ ఎవరూ పట్టించుకోరు. గోలు పడితే ఇంకా బాగుంటుంది. మైకులో "వెర్డర్?" అంటారు, జనం "ఐన్స్!" అంటారు. ఎదుటి జట్టు పేరు అంటారు, జనం "నుల్!" అంటారు. "డాంకె!" అంటే "బిట్టె!" అని అందరూ కలిసి ముగిస్తారు. ఐన్స్ అంటే ఒకటి, నుల్ అంటే సున్నా, చివరి రెండూ థాంక్యూ, ఫర్లేదు అన్నమాట. వేల మంది అంత మర్యాదగా ఎదుటివాణ్ణి ఏడిపించడం నేనింకెక్కడా చూడలేదు.

బీరుకో కోలాకో ఇచ్చే ప్లాస్టిక్ కప్పుకి కూడా డిపాజిట్ ఉంటుంది, పారేయకండి. సగం ఆట విరామంలో పడే క్యూ తప్పించుకోవాలంటే 40వ నిమిషంలోనే లేవండి. గోలు పడే ఛాన్సు ఉంది, అది మీ అదృష్టం.

ఆదివారం

జర్మనీలో ఆదివారం షాపులు మూసేస్తారు. బహుమతులు, చాక్లెట్లు శనివారమే కొనేయండి. స్టేషన్లో ఉన్న దుకాణాలు తెరిచే ఉంటాయి, రైల్లోకి తిండి అక్కడ దొరుకుతుంది.

పొద్దున స్టేడియంలో ఉన్న క్లబ్బు మ్యూజియం చూడొచ్చు. పేరు వూజేయుమ్, మ్యూజియంలో మొదటి అక్షరం తీసి వెర్డర్ అక్షరం పెట్టారు. తెరిచే రోజులు, వేళలు ముందే చూసుకోండి. కప్పుల కన్నా అక్కడ నేను వెతుక్కుని చూసేది ఒక నలిగిన కాగితపు ఉండ. 2009 మే 7న హాంబుర్గ్‌లో, యూరప్ క్లబ్బుల పోటీ అయిన యుయెఫా కప్‌లో హాంబుర్గ్, బ్రేమెన్ సెమీఫైనల్ రెండో మ్యాచ్. ఎవరో విసిరిన కాగితపు ఉండ మైదానంలో పడి ఉంది. హాంబుర్గ్ డిఫెండర్ తమ గోల్‌కీపర్‌కి వెనక్కి ఇవ్వబోయిన బంతి దాని మీద తగిలి ఎగిరింది, కాలికి సరిగ్గా అందక గీత దాటింది. బ్రేమెన్‌కి కార్నర్ వచ్చింది, ఫ్రాంక్ బౌమన్ తలతో గోలు కొట్టాడు. బ్రేమెన్ ఆ మ్యాచ్ 3-2తో గెలిచింది, రెండు మ్యాచ్‌లూ కలిపితే గోల్స్ సమానమైనా, ఎదుటి జట్టు మైదానంలో కొట్టిన గోల్స్ లెక్కతో ఫైనల్‌కి వెళ్ళింది. ఆ ఉండని తీసుకొచ్చి అద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. మా ఆఫీసులో ఎవరికైనా కోపం తెప్పించాలంటే నేను ఏం మాట్లాడను, ఒక తెల్ల కాగితం నలిపి వాళ్ళ టేబుల్ మీద పెట్టి వచ్చేస్తాను.

రైలుకి ఇంకా టైముంటే జీల్‌వాల్ పడవలో అవతలి ఒడ్డుకి దాటండి, చిల్లర యూరోలు జేబులో ఉంచుకోండి. అక్కడ ఇసుక తిన్నె, దాని మీద ఒక కాఫీ హోటలు ఉన్నాయి. కాఫీ తీసుకుని నీళ్ళ వైపు తిరిగి కూర్చుంటే నదికి అవతల, చెట్ల మీదుగా నిన్నటి స్తంభాలు కనిపిస్తాయి. పాటు మొదలైతే పడవ రేవు కిందకి దిగుతుంది, ఎక్కే చెక్క బల్ల బాగా ఏటవాలుగా అవుతుంది. సూట్‌కేసుతో వెళ్ళకండి.